ఎవరో తలుచుకున్నారు

సొన్నమ్మను చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఆమె ముందరే ఆమె చావు గురించి మాట్లాడేవాళ్ళు. మంచానికి మూరెడు దూరంలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, కాఫీ లోటాలు చేత పట్టుకుని, ఎప్పుడు పోతుందో, ఎందుకింకా పోలేదో తీరిగ్గా చర్చించేవాళ్ళు. పక్షవాతంతో నోరు పడిపోయింది కాబట్టి చెవులు కూడా పడిపోయి ఉంటాయని అందరికీ ఒక నమ్మకం. యలహంక పాతవూరి జనం చెడ్డవాళ్ళేం కాదు. కాకపోతే బదులు చెప్పలేని మనిషి దగ్గర మంచిగా ఉండాల్సిన అవసరం వాళ్ళకు కనబడలేదు, అంతే.

ఆ మంగళవారం పొద్దున కుర్చీలన్నీ నిండాయి. సొన్నమ్మ తమ్ముడు నంజప్ప బాగేపల్లి దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చి దిగాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, ఏ చావింటికి పోయినా పెద్దరికం తనదేనన్నట్టుండే గొంతు.

"చావుల్లోకల్లా పాడుచావు మంచం చావప్పా," అన్నాడు కాఫీ ఊదుకుంటూ. "లారీ కింద పడితే ఒక్క నిమిషం. కరెంటు పట్టుకుంటే ఆ నిమిషం కూడా పట్టదు. ఇట్ల పండుకొని, ఇంకొకరితో గుడ్డలు మార్పించుకుంటా... పగోనికి కూడా వద్దు."

"నాకు లిఫ్టంటే భయం మామా," అంది ఎదురింటావిడ. "నడిమధ్యన నిలబడిపోయి, దాంట్లోనే గాలాడక పోతానేమోనని. మా బిడ్డ ఇల్లు పదకొండో అంతస్తు. ఎప్పుడు పోయినా మెట్లెక్కే పోతా."

"మెట్లెక్కీ ఎక్కీ గుండాగి పోతావులే," అన్నారెవరో. గది గదంతా నవ్వింది.

ఇంకొకావిడ తనకు పామంటే భయమంది. యలహంకలో పాము యాడుండాదమ్మా, ఉండే గుట్టలన్నీ అపార్టుమెంట్లయిపోతే, అని ఒకరు వెక్కిరించారు. అందుకే కదా అవి ఇండ్లలోకి వస్తా ఉండాయి, అని ఆమె తగులుకుంది. చావు మీద ఇంత సరదాగా మాట్లాడుకోవాలంటే పక్కన చావబోయేవాళ్ళు ఒకరుండాలి కాబోలు.

అప్పుడు ఆవులప్ప నోరు విప్పాడు. సొన్నమ్మకు ఒక్కగానొక్క కొడుకు, యాభై దాటినవాడు. తల్లిని చూస్తే చాలు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆమెను ఒక పక్కకు తిప్పాలి, చెయ్యి వెయ్యన్నా అంటే మాత్రం బజారులో పని గుర్తొస్తుంది. "నేను గాని ఇట్ల పడితే ఇంత విషం పోసి పుణ్యం కట్టుకోండప్పా," అన్నాడు.

తలలన్నీ ఊగాయి. ఆయన భార్య ఆశ ఒక్కతే ఊపలేదు. ఆమె గుమ్మానికి ఆనుకుని అత్త వైపు చూస్తూ నిలబడింది. పగలు చూసుకునేందుకు మనిషిని పెట్టుకున్నారు గానీ, సాయంత్రం ఏడు దాటితే గుడ్డలు మార్చేదీ ఉతికేదీ ఆశే. అయిదు వారాలుగా ఆమె చేతులకు ఫినాయిలు వాసన వదల్లేదు.

ఆ పగలు చూసుకునే మనిషి పేరు ఫర్హానా. ఊరు కదిరి. ఇళ్ళకు మనుషుల్ని పంపే ఏజెన్సీ తరఫున వచ్చింది. ఈ మాటలన్నీ వింటూనే తన పని తాను చేసుకుపోతోంది. మంచం కాళ్ళవైపున్న పిడి తిప్పి తలవైపు భాగం పైకి లేపింది. సొన్నమ్మ ముక్కులోంచి వేలాడే సన్నటి గొట్టానికి సిరంజి తగిలించి కాస్త వెనక్కి లాగింది. లోపలి పసరు కొంచెం వచ్చింది. గొట్టం కడుపులోనే ఉందన్నమాట. రెండుసార్లు గుడ్డలో వడకట్టిన రాగిగంజిని సిరంజిలో పోసి, చెయ్యెత్తు పైకి పట్టుకుంది. గంజి దానంతట అదే దిగాలి, తొయ్యకూడదు. చివర్న కొంచెం నీళ్ళు పోసి, గొట్టం మూత బిగించి, అరగంటసేపు తల దించకూడదని కుర్చీల్లో వాళ్ళకు చెప్పింది. వాళ్ళు వినలేదు.

విషం మాట వచ్చినప్పుడు సొన్నమ్మ కళ్ళు గట్టిగా మూసుకోవడం ఫర్హానా ఒక్కతే చూసింది.

"అయిదు వారాలు ప్రాణం నిలబడిందంటే ఊరికే కాదు," అన్నాడు నంజప్ప లోటా కింద పెట్టి. "దేని మీదనో ఆశ నిలబడిపోయింటాది. మా నాయనకు ఇట్లే అయింది. పొలం మన్ను నీళ్ళల్లో కలిపి తలా ఒక చెంచా పోసినాము. నవ్వుముఖంతో పోయినాడు. మా యక్కకు ఆ మూడెకరాల మీదనే ప్రాణం. రేప్పొద్దున పోయి మన్ను తీసుకురా ఆవులప్పా. పాలల్లో కలిపి పోద్దాము. పాపం, ఇడుదలవుతాది."

మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. ఆశ హాల్లో చాప మీద ఒరిగింది. ఫర్హానా సొన్నమ్మ వీపుకు పౌడరు రాసి, పక్కకు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, పక్కన స్టూలు మీద కూర్చుంది. ముసలామె ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. ఇద్దరికీ ఒక భాష ఉంది. ఒక్కసారి నొక్కితే అవును. రెండుసార్లు నొక్కితే కాదు, వద్దు. నెలరోజుల్లో ఆ రెండు మాటలతోనే ఎన్నో సంగతులు మాట్లాడుకున్నారు.

"అవ్వా, అందరూ ఏ చావంటే భయమో చెప్పినారు. నువ్వు చెప్పలేదే," అంది ఫర్హానా నవ్వుతూ. "లారీనా?"

రెండుసార్లు నొక్కింది.

"కరెంటా? లిఫ్టా? పామా?"

పాము దగ్గర సొన్నమ్మ పెదవి ఒక పక్కకు వంగింది. అది నవ్వే. చెయ్యి మాత్రం రెండేసిసార్లు నొక్కుతూనే ఉంది.

ఫర్హానా కొంచెం వెనకాడింది. "పోనీ, ఈ మంచమా?"

రెండుసార్లు.

"అబద్ధం."

మళ్ళీ రెండుసార్లు, ఈసారి గట్టిగా. మంచం చావును చూసి లోకమంతా బెదిరిపోతుంటే మంచంలో ఉన్న మనిషికి ఆ బెదురు లేదు. తర్వాత ఆ చెయ్యి ఫర్హానా చేతిలోంచి జారి, వణుకుతూ దుప్పటి మీంచి పైకి లేచి, గొంతు దగ్గర ఆగింది. అక్కడి నుంచి చూపుడువేలు కిటికీలో ఎవరో వదిలేసిపోయిన కాఫీ లోటా వైపు తిరిగింది.

ఫర్హానాకు అర్థమైంది. జబ్బు వచ్చిన రోజు పొద్దున, కాఫీ తాగిస్తే తేరుకుంటుందని పడుకున్న మనిషి నోట్లో లోటాడు కాఫీ పోశారు. పొలమారి, ఊపిరి అందక ముఖం నల్లబడిపోయిందని ఆశే చెప్పింది. ఆస్పత్రివాళ్ళు గొంతులో గొట్టం పెట్టి లాగితే గాని బతకలేదు.

"ఊపిరాడకుండా పోవడమా అవ్వా? గొంతుకు అడ్డం పడి?"

ఒక్కసారి నొక్కింది. నొక్కిన చెయ్యి వదల్లేదు.

"నేనుండంగా అట్ల జరగనియ్యను," అంది ఫర్హానా. మాటివ్వడానికి నోరుంటే చాలు కదా.

ఆమెకూ ఒక ధైర్యముంది. పది రోజులుగా ఇద్దరూ కలిసి ఒక దొంగపని చేస్తున్నారు. మంచం పూర్తిగా లేపి, వీపు వెనక దిండ్లు పెట్టి, నోరు శుభ్రంగా తుడిచి, పాయసంలా చిక్కగా కాచిన గంజిని చెంచా కొనతో నాలుక మీద పెట్టేది ఫర్హానా. గడ్డం గుండెకు ఆనించి మింగమనేది. రెండు వేళ్ళు సొన్నమ్మ గొంతు మీద ఉంచి, గొంతుక పైకి లేచి దిగేదాకా ఊపిరి బిగబట్టేది. మొదటి రోజు లేవలేదు. నాలుగో రోజు లేచింది. ఇప్పుడు పది చెంచాల దాకా మింగుతోంది, దగ్గు లేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మింగుతుందని తెలిస్తే చాలు, మళ్ళీ లోటాలతో పోసేస్తారని భయం. గురువారం డాక్టరమ్మ వస్తుంది, ఆమె ముందరే చూపించాలనుకుంది. ఈలోపల బుధవారం అడ్డొచ్చింది.

బుధవారం పొద్దున పదింటికి ఆవులప్ప మన్ను తెచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, ముఖం నిండా చెమట.

"మన పొలానికి మననే పోనియ్యరు మామా," అని కుర్చీలో కూలబడ్డాడు. పొలం అమ్మి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడక్కడ నాలుగు టవర్లున్నాయి, గేటు ఉంది, గేటుకొక గార్డు ఉన్నాడు. "ఏ ఫ్లాటు అంటాడు. ఫ్లాటు కాదప్పా, ఈ జాగా మాది అంటే నవ్వతాడు. లోపల ఎవరిదన్నా పేరు చెప్పు, ఫోన్లో వాళ్ళు సరే అంటే ఇడుస్తానంటాడు. మన్ను సరే అంటాదా ఫోన్లో?"

చివరికి తోటమాలిని బతిమాలితే పూలమడిలోంచి రెండు దోసిళ్ళు తీసి గేటు కమ్మీల సందులోంచి ఇచ్చాడట. నంజప్ప కవరు విప్పి చూశాడు. నల్లగా, తేలిగ్గా ఉంది. మధ్యమధ్యలో తెల్లటి గుండ్లు. వేళ్ళతో నలిపి వాసన చూశాడు.

"ఇది కొబ్బరి పీచు కదరా."

"ఆ జాగాలోదే మామా."

"మన మన్ను ఏమయిపాయ?"

"రెండంతస్తుల లోతు తోడి, లారీల్లో ఎత్తుకపోయినారంట. కార్లు పెట్టుకోవడానికి."

నంజప్ప కాసేపు ఆలోచించాడు. పెద్దమనుషులకు ఆలోచనకేం కొదవ. "జాగా ముఖ్యం," అని తేల్చాడు.

ఫర్హానా అడ్డం నిలబడింది. "నోట్లో ఏమీ పొయ్యకూడదు పెద్దాయనా. ఊపిరితిత్తుల్లోకి పోతాది. డాక్టరమ్మ రాసిచ్చింది, చూడండి."

"మీలో ఇట్లాంటివి ఉండవేమోలేమ్మా."

"మాలోనూ పోస్తారు, పోయేవాళ్ళకు. ఈ అవ్వ పోవడం లేదు."

"అదే కదమ్మా మేము కూడా చెప్పేది," అన్నాడు నంజప్ప. ఎంతో ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

ఆవులప్ప కళ్ళు తుడుచుకున్నాడు. ఆశ చెంచాలు కడిగి తెచ్చింది. ఇంకో మాట అంటే తనను బయటికి పంపి మరీ పోసేస్తారని ఫర్హానాకు తెలిసింది. "సరే. నేను కలిపి తెస్తా. తల నేను పట్టుకుంటా. ఒక్కొక్కరు ఒక్క చెంచానే," అంది. నంజప్ప ఒప్పుకున్నాడు. నర్సు చేతిలో తల ఉంటే కర్మకేమీ లోపం రాదని ఆయనే అందరికీ వివరించాడు.

వంటింట్లో ఒంటరిగా నిలబడి ఆ పీచుమన్ను చిటికెడు తీసి పాలల్లో వేసింది. అది మునగలేదు, పైనే తేలింది. రాగిగంజి వడకట్టే గుడ్డ తీసి రెండుసార్లు వడకట్టింది. ఆవులప్ప వంశం దున్నిన మూడెకరాలూ, గార్డు నవ్వూ, తోటమాలి దయా, అన్నీ ఆ గుడ్డలోనే నిలిచిపోయాయి. మిగిలిన పాలల్లో ఉదయం కాచిన గంజి వేసి, చెంచా వంచితే మెల్లగా జారేంత చిక్కగా కలిపింది. ఎవరూ చూడకుండా గుడ్డ దులిపి కడిగేసింది.

మంచం లేపి, దిండ్లు సర్ది, సొన్నమ్మ తల తన భుజానికి ఆనించుకుంది. ముసలామె కళ్ళు చెంచాలనే చూస్తున్నాయి. ఎడమచెయ్యి ఫర్హానా మోచేతిని పట్టుకుని రెండు, రెండు, రెండుగా నొక్కుతోంది.

"భయపడొద్దు అవ్వా. మనం రోజూ చేసేదే. గడ్డం దించు, గుండెకు ఆనించు," అంది ఆమె చెవిలో.

నంజప్ప మొదటి చెంచా పోశాడు. "పోయిరా యక్కా, దేని మీదా ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు. ఫర్హానా వేళ్ళ కింద గొంతుక లేచింది, దిగింది. ఆవులప్ప ఏడుస్తూ రెండో చెంచా పోశాడు. లేచింది, దిగింది. ఆశ మూడో చెంచా పోసింది. ఆమె చెయ్యి మాత్రం వణకలేదు. లేచింది, దిగింది.

అందరూ ఎదురుచూశారు. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. బయట ఎయిర్‌ఫోర్సు విమానం ఒకటి ఇల్లదిరేలా మీదుగా పోయింది. సొన్నమ్మ కళ్ళు తెరిచి, తమ్ముణ్ణి చూసి, కొడుకును చూసి, కోడలిని చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఇంకా కావాలన్నట్టు.

దీనికెవరూ సిద్ధపడి లేరు. ఆవులప్ప నంజప్ప ముఖంలోకి చూశాడు. నంజప్ప గొంతు సవరించుకున్నాడు. "చూసినారా? మన్ను తగిలేతలికి ప్రాణం నిలబడింది. నేను చెప్పలేదా, ఆ పొలం మీదనే ఆశ అని," అన్నాడు. అరగంట కిందట ఆ మన్నుతోనే ప్రాణం పోవాల్సింది. అయినా ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎదురింటావిడ చేతులెత్తి దండం పెట్టింది. ఫర్హానాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆశ తన చెంచాను చూసుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం డాక్టరమ్మ వచ్చి, చెంచాతో పెట్టి చూసి, ముక్కులో గొట్టం లాగేసింది. మెచ్చుకుంది. కూర్చోబెట్టి, చిక్కగా, కొంచెం కొంచెంగా పెట్టాలంది. "ఇంకా నర్సు కావాలా మేడమ్?" అని ఆశ అడిగింది. ఇంట్లోవాళ్ళు జాగ్రత్తగా చూసుకుంటే అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పి, చెప్పులేసుకుని, ఇంకో ఇంటికి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా ఏజెన్సీ నుంచి ఫర్హానాకు ఫోను వచ్చింది. శనివారం నుంచి కుందలహళ్ళిలో డ్యూటీ.

తాను నేర్పిన మింగుడే ఆ ఇంట్లో తన పనిని మింగేసిందని ఫర్హానాకు అప్పుడు తెలిసింది.

శుక్రవారం రోజంతా ఆశకు పనులు అప్పజెప్పింది. ఆశ మంచి శిష్యురాలు. క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో అన్నీ రాసుకుంది. మంచం పిడి ఎన్ని చుట్లు తిప్పాలి, దిండు ఎక్కడ పెట్టాలి, గంజి ఎంత చిక్కగా ఉండాలి. ఒక్కసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే వద్దు, అన్నది కూడా చెప్పింది. ఆశ ఊ కొట్టింది.

"ఆపొద్దు మన్ను కలిపిన పాలే కదా పోసింది," అంది పెన్సిలు ఆపి. "ఏమీ కాలేదే?"

ఫర్హానా తల వంచుకుంది. "గంజి కలిపినా అక్కా. మన్ను వడకట్టేసినా. పెద్దాయనకు చెప్పొద్దు."

ఆశ కోప్పడలేదు. "అయితే పలచగా ఉంటేనే కష్టం."

"అవునక్కా. నీళ్ళు, పాలు, కాఫీ, ఏవీ పొయ్యొద్దు. పండుకోబెట్టి అసలే పొయ్యొద్దు. నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతాది."

"పోతే?"

"ఊపిరాడదు."

"ఎంతసేపు పడతాది?"

పప్పుకు ఎన్ని విజిళ్ళు రానియ్యాలి అని అడిగినట్టు అడిగింది. ఫర్హానా తలెత్తి చూసింది. ఆ ముఖంలో పాపమేమీ కనబడలేదు. నిద్రలేని కళ్ళు, నాని ముడతలు పడ్డ వేళ్ళు, అంతే. "జాగ్రత్త కోసరమే అడిగినా," అంది ఆశ.

భయపెడితే ఇంకా జాగ్రత్తగా ఉంటుందనుకుంది ఫర్హానా. "అయిదు నిమిషాలు కూడా పట్టదక్కా," అంది.

ఆశ అది మాత్రం కాగితం మీద రాసుకోలేదు.

వంటింటికీ మంచానికీ మధ్య ఉన్నది ఒక తలుపు తెర. ఫర్హానా సంచి సర్దుకుని చెప్పిపోదామని వెళ్ళేసరికి సొన్నమ్మ కళ్ళు తెర మీదే ఉన్నాయి. అన్నీ వింది. చెయ్యి అందుకుని రెండుసార్లు నొక్కింది. మళ్ళీ రెండుసార్లు. పోవద్దు.

"పోవాల అవ్వా. డ్యూటీ మార్చేసినారు. వారం వారం వచ్చి చూసిపోతా. ఆశక్క అన్నీ రాసుకునింది," అంది ఫర్హానా. ముసలామె పట్టు వదల్లేదు. పక్షవాతం రాని ఆ ఒక్క చేతిలో అంత బలముందని అప్పటిదాకా తెలియదు. బయట ఏజెన్సీ అబ్బాయి బైకు హారను కొడుతున్నాడు. ఫర్హానా ఒక్కొక్క వేలే విడదీసింది. అయిదు వేళ్ళూ విడదీశాక, ఆ చేతిని దుప్పటి కింద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. అలా చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం ఆవులప్పకు ఫోను చేసింది. "అన్నా, అవ్వకు పాలూ కాఫీ పొయ్యనియ్యొద్దు. నువ్వు దగ్గరుండి చూసుకో."

"ఆశ చూసుకుంటా ఉండాది లేమ్మా. ట్రాఫిక్‌లో ఉండా," అన్నాడు.

ఆదివారం కుందలహళ్ళిలో, తొమ్మిదో అంతస్తులో, ఒక రిటైరైన ఇంజనీరు గారి గడ్డం కింద తువ్వాలు కడుతూ ఫర్హానా గడియారం చూసింది. పది. ఇది సొన్నమ్మకు గంజి వేళ. మంచం పిడి తిప్పి ఉంటారా, దిండు పెట్టి ఉంటారా అనుకుంది. చెంచా చేతిలో పట్టుకుని చాలాసేపు ఆమెనే తలుచుకుంటూ ఉండిపోయింది. "ఏమ్మా, పెడతావా లేదా?" అని ఇంజనీరుగారు విసుక్కున్నాడు.

పన్నెండు గంటలకు ఆశ ఫోను చేసింది. "అత్త పోయింది. పొద్దున పదికి. మంగళవారం మూడోదినం పాలునెయ్యి. అంత సేవ చేసినదానివి, నువ్వు రాకపోతే బాగుండదు."

మంగళవారం ఫర్హానా యలహంక పోయేసరికి, మగవాళ్ళు సమాధి మీద పాలూ నెయ్యీ పోసి అప్పుడే తిరిగి వచ్చారు. మంచం లేదు. మంచమున్న చోట దీపం, పూలదండ వేసిన ఫోటో ఉన్నాయి. కుర్చీలు మాత్రం అవే, మనుషులూ వాళ్ళే.

నేరుగా వంటింట్లోకి పోయింది. ఆశ పొయ్యి ముందర నిలబడి కాఫీ కలుపుతోంది. ఆమె దగ్గర ఫినాయిలు వాసన లేదు, సాంబ్రాణి వాసన వచ్చింది.

"ఎట్లయింది అక్కా?"

"నంజప్ప మామ ఆపొద్దు మళ్ళీ వచ్చినాడు. మన్ను తాగి బతికింది కదా, ఇంక పాలు తాగిస్తే బలమొస్తాది, పొయ్యండి అన్నాడు. పోసినా."

"మంచం లేపినావా?"

ఆశ చక్కెర డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. తీసి మళ్ళీ పెట్టింది.

"లేపలే."

ఫర్హానా పొయ్యి గట్టు పట్టుకుంది.

"నువ్వు అయిదు నిమిషాలంటివి," అంది ఆశ, గొంతు తగ్గించి, పాల గిన్నెలోకి చూస్తూ. "చానాసేపు పట్టింది ఫర్హానా. అంతసేపు పడతాదని తెలిసుంటే..." ఆ మాట పూర్తి చెయ్యకుండా లోటాలు పళ్ళెంలో సర్దుకుని హాల్లోకి నడిచింది.

హాల్లో మాటలు జోరుగా సాగుతున్నాయి. "చస్తే సొన్నమ్మ మాదిరి చావల్లప్పా," అంటోంది లిఫ్టు భయం ఎదురింటావిడ. "కోడలు చేత్తో పాలు తాగతా తాగతా, కొడుకు చెయ్యి పట్టుకొని. ఎంతమందికి వస్తాది అట్లాంటి చావు?"

"పొలమారింది, అంతే," అన్నాడు నంజప్ప. "నేనే తల మీద తట్టినా. ఎవరో తలుచుకుంటా ఉండారు యక్కా అన్నా. తట్టతా ఉండంగానే పోయింది. పైవాళ్ళే తలుచుకున్నట్టుండారు, మా నాయనో, మా బావో."

పాము భయం ఆవిడ ముక్కు చీదుకుంది. తనకూ అట్లాంటి చావే రాసిపెట్టమని పైకి చూసి దండం పెట్టుకుంది.

ఆవులప్ప కొత్తగా గీయించుకున్న గుండు మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. ఫర్హానాను చూసి లేచి నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆ ఏడుపు నిజమైనదే. "రామ్మా. నిన్నొకటి అడగల్ల. పోయేముందర అమ్మ నా చెయ్యి పట్టుకొని నొక్కింది. రెండుసార్లు నొక్కేది, ఆపేది. మళ్ళా రెండుసార్లు. ప్రాణం పోయేదాకా అట్లే. మామ చెప్పతాడు, నన్నూ ఆశనూ, ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించిందంట. నువ్వు అన్ని దినాలు ఆమె దగ్గరుంటివి. నిజమేనా?"

కుర్చీలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆశ పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. ఆ భాష తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే.

"కాదన్నా," అంది ఫర్హానా. మళ్ళీ చెప్పింది. "కాదు. రెండుసార్లు నొక్కితే వద్దని అర్థం. వద్దు వద్దని చెప్పింది అవ్వ."

ఆవులప్ప నోరు తెరుచుకుని తన కుడిచేతిని చూసుకున్నాడు. కాసేపు, ఒక్క కాసేపు, ఆ ముఖంలోకి ఏదో తెలిసివస్తున్నట్టు కనబడింది. అతని చూపు మెల్లగా భార్య వైపు తిరగబోయింది.

నంజప్ప గొంతు సవరించుకున్నాడు.

"అవునప్పా. ఏడవొద్దని," అన్నాడు. "నువ్వు ఆపొద్దు ఏడస్తా ఉంటివి కదా. ఏడవొద్దు నాయనా, ఏడవొద్దు అని చెప్పింది తల్లి. పోతాపోతా కూడా కొడుకు మీదనే ధ్యాస."

గది మొత్తం నిట్టూర్చింది. ఎదురింటావిడ భోరుమంది. ఆవులప్ప ఆ చేతిని ముఖానికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఏడవొద్దనిందంట, ఏడవొద్దనిందంట," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఫర్హానా మళ్ళీ నోరు తెరిచింది. వినేవాళ్ళెవరూ లేరు.

ఆశ దగ్గరికి వచ్చి పళ్ళెం చాపింది. "తాగు. చల్లారిపోతాది."

ఫర్హానా లోటా తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు. ఒక గుక్క నోట్లోకి పోయింది గాని మింగుడు పడలేదు, అడ్డదారి పట్టింది. దగ్గు ముంచుకొచ్చింది. కళ్ళనీళ్ళు తిరిగి, ఊపిరి అందక, లోటా జారి కాఫీ చీర మీద ఒలికింది. గోడ పట్టుకుని వంగిపోయింది.

ఆశ పళ్ళెం పక్కన పెట్టి, ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని, రెండో చేత్తో తల మీద మెల్లగా తట్టింది.

"ఎవరో తలుచుకుంటా ఉండారు," అంది.